తాళాల పుస్తకం

(చరిత్ర శాఖలో గైడ్ గది. ఎం.ఏ. ఆఖరి ఏడాది విద్యార్థిని రాసిన పరిశోధన వ్యాసం టేబుల్ మీద ఉంది. గైడ్ సంతకం చేయాల్సిన పేజీ పైకి తీసి ఉంది. టైము మూడున్నర.)

“నాలుగో అధ్యాయం తీసెయ్. మిగతా దానికి ఇప్పుడే సంతకం పెట్టేస్తాను.”

“తియ్యను మేడం.”

“చెప్పేది విను...”

“విన్నాను మేడం. పొద్దుట్నుంచి మూడుసార్లు విన్నాను. తియ్యను. మిల్లు ఎప్పుడు పెట్టారు, ఎంతమంది పనిచేశారు, ఏ బట్ట నేశారు, అవన్నీ రాసి, మిల్లు తగలబడ్డ రోజు మాత్రం వదిలెయ్యమంటే ఎలా? పదకొండు మంది పోయారు ఆ రోజు.”

“వదిలెయ్యమని ఎవరన్నారు? అందరూ రాసినట్టు రాయి. రెండు పేరాలు చాలు. నీకు డిగ్రీ వస్తుంది, నాకు మనశ్శాంతి ఉంటుంది.”

“అందరూ రాసినట్టు అంటే, ‘మధ్యాహ్నం షిఫ్టులో మంటలు లేచాయి, వెనక గేటుకి తాళం వేసుంది, తాళంచెవి ఉన్న వాచ్‌మన్ తాగి పడిపోయాడు’. అంతేనా?”

“అంతే.”

“అది అబద్ధం మేడం.”

“అబద్ధం అనడానికి నోరుంటే చాలు. రుజువు చెయ్యడానికి ఒళ్ళు వంగాలి.”

“రికార్డు ఆఫీసు దుమ్ములో నాలుగు నెలలు వంచాను. ఇంకా తుమ్ములు తగ్గలేదు.”

“సరే. ఐదింటికి ఆఫీసు మూసేస్తారు. ఈరోజు ఇవ్వకపోతే నీకు ఏడాది పోతుంది. ఆ సంగతి గుర్తుందా?”

“ఎందుకు లేదు? మా అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి, ‘ఇచ్చేశావా, ఇచ్చేశావా’ అని ప్రాణం తోడేసింది. ఇచ్చేశానని చెప్పేశాను.”

“అమ్మకి అబద్ధం చెప్పావా?”

“మీరు సంతకం పెడితే నిజమైపోతుంది.”

“నోటికేం తక్కువ లేదు. కూర్చో ముందు. నిలబడి వాదిస్తుంటే తలెత్తి చూడలేక నా మెడ పట్టేస్తోంది.”

“కూర్చుంటే వింటారా?”

“వింటాను. కానీ గైడ్‌గా కాదు. వైవా తీసుకోడానికి వచ్చిన పరాయి మనిషిగా. నువ్వెవరో నాకు తెలీదు, నీ మీద నాకే అభిమానం లేదు. అడుగుతాను. ఒక్క ప్రశ్నకి నీళ్ళు నమిలినా నాలుగో అధ్యాయం తీసేస్తావు. ఒప్పుకుంటావా?”

“అన్నిటికీ చెప్తే?”

“అప్పుడు చూద్దాం.”

“చూద్దాం కాదు. సంతకం పెడతారా?”

“మొదటి ప్రశ్న. వాచ్‌మన్ తాగున్నాడని ఎవరు చెప్పారు?”

“మీరు తప్పించుకుంటున్నారు.”

“నేను పరాయి మనిషిని. జవాబు చెప్పు.”

“సరే. అతనే చెప్పాడంటారు. మంటలు లేచిన మూడో రోజు విచారణ సంఘం ముందు వాంగ్మూలం ఇచ్చాడట. ‘నేను తాగి పడుకున్నాను, గేటు తాళం నేనే వేశాను, తియ్యడానికి లేవలేదు’ అని. దాని మీదే రెండేళ్ళు జైల్లో పెట్టారు. మిల్లు వాళ్ళ తప్పేం లేదని తేల్చారు. పుస్తకాలన్నీ ఆ ఒక్క కాగితం మీదే నిలబడ్డాయి.”

“ఆ కాగితంలో ఏంటి నీకు వచ్చిన అనుమానం?”

“కింద వేలిముద్ర ఉంది.”

“ఉంటే? వాచ్‌మన్లు వేలిముద్ర వెయ్యరా?”

“వేస్తారు. కానీ ఇతను సంతకం పెట్టేవాడు. తాళాల పుస్తకంలో ఉంది.”

“తాళాల పుస్తకం అంటే?”

“మీకు తెలుసు కదా మేడం.”

“పరాయి మనిషికి తెలీదు.”

“అబ్బా. వాచ్‌మన్ డ్యూటీ ఎక్కేటప్పుడు మిల్లు ఆఫీసులో తాళంచెవుల గుత్తి తీసుకోవాలి. తీసుకున్నట్టు ఒక సంతకం, దిగేటప్పుడు తిరిగిచ్చినట్టు ఒక సంతకం. రోజుకి రెండు. ఆరేళ్ళ పుస్తకాలు దొరికాయి. మొదటి రెండేళ్ళూ అతను వేలిముద్ర వేశాడు. మిగతా నాలుగేళ్ళూ సంతకం పెట్టాడు. మంటలకి ముందురోజు కూడా సంతకమే ఉంది.”

“మంటల రోజు?”

“ఆ పేజీ లేదు. చింపేశారు.”

“చిరిగిపోయిందో చింపేశారో నీకెలా తెలుసు? ‘పేజీ లేదు’ అని రాయి.”

“రాస్తాను.”

“ఇప్పుడే రాయి. పెన్ను తియ్. ఊఁ. ఇంతమంది ఆ మిల్లు మీద పుస్తకాలు రాశారు. ఎవరికీ దొరకని పుస్తకం నీకెలా దొరికింది?”

“రికార్డు ఆఫీసు జాబితాలో దాన్ని ‘తాళాలు, గొళ్ళాలు, మరమ్మతులు’ అని రాశారు. జాబితా రాసినాయన అట్ట చూసి రాసేసినట్టున్నాడు, లోపల తెరవలేదు. మిల్లు మీద పరిశోధన చేసేవాళ్ళకి గొళ్ళాలతో ఏం పని? ఎవరూ అడగలేదు.”

“మరి నువ్వెందుకు అడిగావు?”

“నేనూ అడగలేదు. సమ్మె ఫైలు అడిగితే నంబరు తప్పు చూసి ఈ కట్ట తెచ్చిచ్చారు. వెనక్కి పంపేద్దామనుకున్నాను. కానీ మీరే మొదటిరోజు క్లాసులో చెప్పారు, పొరపాటున వచ్చిన కట్టని కూడా ఒకసారి విప్పి చూడండి అని.”

“అలా అన్నానా?”

“అన్నారు.”

“అనకుండా ఉండాల్సింది.”

“ఏంటి మేడం?”

“ఏం లేదు. రెండో ప్రశ్న. ఆ సంతకం ఆయనదేనని ఏంటి నమ్మకం? ఆఫీసు గుమాస్తా రోజూ ఒకేసారి అందరి పేర్లూ గీకేసి ఉండొచ్చుగా.”

“గుమాస్తా గీకితే మొదటిరోజూ ఆఖరిరోజూ ఒకేలా ఉండాలి. ఇది అలా లేదు. మొదటి నెల్లో ఒక్క అక్షరమే ఉంది, అది కూడా గడి దాటి పక్క వాచ్‌మన్ గడిలోకి పోయింది. ఎవరో మందలించినట్టున్నారు, మర్నాడు మరీ చిన్నగా ముడుచుకుపోయింది. ఆర్నెల్లకి పేరు మొత్తం వచ్చింది. ఏడాది తిరిగేసరికి కింద ఒక గీత కూడా. చేయి తిరిగిన గుమాస్తా అలా నేర్చుకుంటాడా?”

“నేర్చుకోడు.”

“అందులో నాకు బాగా నచ్చిందేంటో తెలుసా మేడం? బడి సెలవులప్పుడు సంతకం మళ్ళీ వంకరపోతుంది. బడి తెరిచిన నెల్లో తిన్నగా అవుతుంది. నాలుగేళ్ళూ అంతే. ఇంట్లో బడికెళ్ళే పిల్లో పిల్లాడో ఉన్నారు. వాళ్ళే నేర్పుంటారు. నూట పదో పేజీలో రాశాను.”

“ఊహ. కొట్టెయ్.”

“అది అధ్యాయం మొత్తానికి ప్రాణం మేడం!”

“ప్రాణంగా ఉంటే కథ రాసుకో. పత్రికలకి పంపు. ఇక్కడ మాత్రం కొట్టెయ్.”

“మరి మీరెందుకు కొట్టెయ్యలేదు?”

“ఎక్కడ?”

“చూడండి, నేనిచ్చిన ప్రతి పేజీ మీ ఎర్రపెన్నుతో జల్లెడైపోయింది. కామా ఎక్కువైనా వదల్లేదు. ఈ నూట పదో పేజీ ఒక్కటే తెల్లగా ఉంది. దీన్ని చదివారు, ఎందుకంటే మూల మడత పెట్టుంది. కానీ ఏమీ రాయలేదు.”

“పెన్ను అయిపోయుంటుంది.”

“నూట పదకొండులో మళ్ళీ ఎర్రగానే ఉంది.”

“ఇప్పుడు ప్రశ్నలు అడుగుతున్నది నువ్వా నేనా?”

“మీరే. అడగండి.”

“మూడోది. సంతకం వచ్చినా సరే, పోలీసులు, విచారణలు అంటే అందరి చేతా వేలిముద్రే వేయించుకుంటారు. అది వాళ్ళ అలవాటు అంటాను.”

“అనండి. అదే విచారణలో ఇంకో ఇరవై రెండు మంది కార్మికుల వాంగ్మూలాలు ఉన్నాయి. తాళాల పుస్తకంలోనో యూనియన్ పుస్తకంలోనో సంతకాలున్న వాళ్ళు ఏడుగురు. ఏడుగురూ విచారణలోనూ సంతకమే పెట్టారు. సంతకం వచ్చి వేలిముద్ర వేసినవాడు ఇతనొక్కడే. అనుబంధం రెండులో పట్టిక ఉంది.”

“నాలుగు. మంటల్లో చెయ్యి కాలి ఉంటుంది. పెన్ను పట్టుకోలేకపోయుంటాడు.”

“ఆస్పత్రి జాబితాలో గాయపడిన పద్నాలుగు మంది పేర్లున్నాయి. అతని పేరు లేదు. మూడు వారాల తర్వాత జైల్లో ఒంటి మీద గుర్తులన్నీ రాసుకున్నారు. కుడి కనుబొమ్మ మీద మచ్చ అని ఉంది. కాలిన గాయం అని లేదు.”

“కుడి కాదు.”

“ఏంటి?”

“సరిగ్గా చూసి చెప్పు. కుడివైపా, ఎడమవైపా?”

“ఉండండి... నోట్‌బుక్‌లో... ఎడమ. సారీ మేడం. ఎడమ కనుబొమ్మ. టైపు చేసేటప్పుడు తప్పు పడింది.”

“చూశావా? ఇలాంటివి ఒక్కటి దొరికితే చాలు, నీ అధ్యాయం మొత్తాన్ని అవతల పారేస్తారు. దిద్దు.”

“దిద్దాను. మీకెలా అనుమానం వచ్చింది?”

“అలా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా దిద్దుతున్నాను. నూట పద్దెనిమిదిలో ఇంకోటి ఉంది. ‘వాచ్‌మన్ తన గది గుమ్మంలోంచి గేటుని చూడగలిగేవాడు’ అని రాశావు. తప్పు. ఆ గది తలుపు బాయిలర్ వైపుండేది. గేటు కనపడాలంటే లేచి కిటికీ దగ్గరికి రావాలి.”

“అది ఎక్కడుంది మేడం? మిల్లు ప్లాను కోసం నేను తిరగని ఆఫీసు లేదు. దొరకనే లేదు.”

“ఎక్కడో చదివాను.”

“ఎక్కడ? చెప్పండి, ఫుట్‌నోట్ వేసుకుంటాను.”

“గుర్తులేదు.”

“మీకా? ఏ ఫైల్లో ఏ మూల ఏ మరకుందో చెప్పే మనిషి మీరు. ఒక ముక్క ఎక్కడ చదివారో గుర్తులేదా?”

“వయసైపోతోంది. ఈ నెలాఖరుకి ఇంటికి పంపించేస్తున్నారు కదా, ఊరికే పంపిస్తారా? ఆ వాక్యం తీసెయ్. ఆధారం లేనప్పుడు గుమ్మమూ వద్దు, కిటికీ వద్దు.”

“అమ్మా, లోపలికి రావచ్చా?”

“రావయ్యా అటెండరూ. ఏంటి?”

“ఆఫీసు వాళ్ళు కబురు చేశారమ్మా. ఐదు దాటితే దేవుడు దిగొచ్చినా తీసుకోం అంటున్నారు. ఈ అమ్మాయిది ఒక్కటే మిగిలిందట.”

“బాబాయ్, క్యూ ఉందా అక్కడ?”

“క్యూనా? గుమాస్తా ఒక్కడే కూర్చుని గడియారం వంక చూస్తున్నాడమ్మా. నీ మీద కోపంగా కూడా ఉన్నాడు. అమ్మగారూ, టీ తేనా?”

“వద్దు. ఎదురుగదిలో సారు ఉన్నారా, వెళ్ళిపోయారా?”

“ఎవరు, ఎదురుగది సారా? మీరా అడుగుతున్నది?”

“నేనే. ఉన్నారా?”

“ఉన్నారు. ఇప్పుడే టీ ఇచ్చొచ్చాను. ఆరింటి దాకా కదలరు.”

“సరే, వెళ్ళు. తలుపు దగ్గరగా వెయ్యి.”

“మేడం, మీరు ఆయన గురించి అడగడం నేను ఈ రెండేళ్ళలో వినలేదు. వరండాలో ఎదురుపడితే ఇద్దరూ నోటీసు బోర్డు చదువుకుంటారు. ఖాళీ బోర్డైనా సరే. ఏదో ప్రమోషన్ దగ్గర గొడవట కదా?”

“అలా అనుకుంటున్నారా మీరంతా?”

“కాదా?”

“అనుకోండి. ఐదో ప్రశ్న. ఇది ఆఖరుది. చెయ్యి కాలలేదు, సంతకం వచ్చు, ఒప్పుకున్నాను. కానీ మనిషి హడలిపోయున్నాడు. పదకొండు మంది పోయారు. రోజూ పలకరించే వాళ్ళు. మూడు రోజులు కూర్చోబెట్టి అడిగారు. చేతులు వణికిపోతున్నాయి. పెన్ను పట్టుకోలేక వేలిముద్ర వేశాడు. కాదని చెప్పు.”

“మేడం, ఇది ప్రశ్నా సాకా?”

“ప్రశ్నే. నన్ను అడిగితే అసలైన ప్రశ్న ఇదే. కాదని చెప్పు.”

“అదీ... అంటే మేడం...”

“చెప్పలేవు కదా? నీళ్ళు నమిలావు. తీసెయ్.”

“నమల్లేదు. మీతో చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.”

“ఏంటది?”

“తిట్టకూడదు.”

“తిడతాను. చెప్పు.”

“మొదటి రెండేళ్ళూ అతను వేలిముద్ర వేశాడన్నాను కదా. వాంగ్మూలం కిందా వేలిముద్రే ఉంది. రెండు చోట్లా పక్కనే ‘ఎడమ బొటనవేలు’ అని రాసుంది. రెండిటికీ ఫోటోలు తీయించాను. వేలిముద్రల విభాగంలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇంటికి పట్టుకెళ్ళి చూపించాను.”

“ఎప్పుడు?”

“మూడు వారాలైంది.”

“నాకు మాటమాత్రం చెప్పకుండా?”

“చెప్తే వద్దంటారు. ఫోటోలు తీయిస్తానని ముందే అడిగాను కదా, ‘అక్కర్లేదు, ఉన్నది రాయి చాలు’ అన్నారు. అందుకే చెప్పలేదు. తప్పే. కానీ మళ్ళీ అవసరం వస్తే మళ్ళీ అదే చేస్తాను.”

“ఏమన్నాడాయన?”

“ముందు గుమ్మంలోనే నిలబెట్టి తిట్టారు. చరిత్ర వాళ్ళకి వేలిముద్రలతో ఏం పని, వెళ్ళి రాజుల గురించి చదువుకో అన్నారు. ఫోటోలు చూశాక భూతద్దం తెచ్చుకుని కూర్చున్నారు. వాళ్ళావిడ భోజనానికి మూడుసార్లు పిలిచినా లేవలేదు...”

“ఏమన్నాడో చెప్పవే!”

“రెండూ ఒకే మనిషివి కావన్నారు.”

“మళ్ళీ చెప్పు.”

“ఒకే మనిషివి కావు. వాంగ్మూలం కిందున్నది వాచ్‌మన్ వేలు కాదు. ఎవరిదో మరి. సంతకం వచ్చని వాళ్ళకి తెలియక, ఎవరి వేలో పట్టుకుని అద్దేసుకున్నారు.”

“నోటిమాటేనా?”

“రాసిచ్చారు. అనుబంధం మూడు. నిన్ననే చేర్చాను, మీరు చూసిన ప్రతిలో లేదు.”

“ఏది, ఎక్కడ... నా కళ్ళజోడు ఎక్కడ పెట్టాను?”

“మీ చేతిలోనే ఉంది మేడం.”

“నువ్వు చదువు. నువ్వే చదువు.”

“‘నాకు చూపిన రెండు ఎడమ బొటనవేలి ముద్రలను పరిశీలించాను. గీతల తీరు మూలంలోనే వేరుగా ఉన్నది. ఇవి ఒకే వ్యక్తివి కావని నా నిశ్చితాభిప్రాయం.’ కింద సంతకం, తేదీ. మేడం, మంచినీళ్ళు ఇవ్వనా?”

“వద్దు. ఈ కట్టల దుమ్ము పడదు నాకు.”

“ఇక్కడ కట్టలేం లేవు కదా.”

“నీ బట్టల నిండా ఉంది దుమ్ము. నిశ్చితాభిప్రాయం అన్నాడా?”

“అన్నారు. ఇప్పుడు చెప్పండి, చేతులు వణికాయా? వణికితే వేలు మారిపోతుందా? అయిపోయింది మేడం. ఐదు ప్రశ్నలకీ జవాబు చెప్పాను. ఇప్పుడు మీరు సంతకం పెట్టాలి.”

“ఇంకొక్కటుంది. అధ్యాయం చివరి వాక్యం చదువు.”

“‘కాబట్టి యాభై ఏళ్ళుగా దోషిగా నిలబెట్టిన ఈ వాచ్‌మన్ నిర్దోషి అని తేలుతోంది.’”

“నిర్దోషి అన్న మాట కొట్టెయ్.”

“ఏంటి మేడం మీరు? ఇంతా విని కూడా...”

“నీ కాగితాలు ఏం చెప్తున్నాయి? ఆ వాంగ్మూలం ఆయనది కాదని చెప్తున్నాయి. అంతే. తాళం ఎవరు వేశారో చెప్పాయా? ఆయన ఆ టైముకి ఎక్కడున్నాడో చెప్పాయా? ఆ రోజు పేజీయే లేదంటివి.”

“లేకపోతే మాత్రం! దొంగ కాగితం సృష్టించారంటే అర్థం కావట్లేదా ఎవరి తప్పో?”

“నీకూ నాకూ అర్థమవుతుంది. కాగితం చెప్పదు. నువ్వు ఒక్క మాట ఎక్కువ రాస్తే, ఆ ఒక్క మాట పట్టుకుని మిగతావన్నీ అబద్ధమంటారు. ‘వాంగ్మూలం అతనిది కాదు, కాబట్టి దాని ఆధారంగా రాసినవేవీ నిలవవు’ అని రాయి. అక్కడ ఆగు.”

“మనసెలా వస్తుంది మేడం మీకు? అతని తరపున ఇన్నాళ్ళకి ఒక మంచి మాట అనే అవకాశం వస్తే, దాన్నీ కొట్టెయ్యమంటారు. జైలు నుంచి వదిలాక అతను ఏ కాగితంలోనూ లేడు. పెళ్ళాం, ఒక కూతురు ఉండేవాళ్ళట. ఊరు వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళ కోసం వెతకని చోటు లేదు. ఆ కూతురెక్కడైనా ఉండి ఇది చదివితే, ‘నిర్దోషి’ అన్న ఒక్క మాట కోసం చూసుకోదా?”

“చూసుకుంటుంది. అయినా కొట్టెయ్. పెన్ను ఇటివ్వు, నేనే కొట్టేస్తాను.”

“తీసుకోండి. మీరే కొట్టెయ్యండి.”

“కొట్టేశాను. చూసుకో. ఇప్పుడు నీ అధ్యాయాన్ని ఎవడూ కదపలేడు. సరే, ఇది చెప్పు. ఫోటోలకి రికార్డు ఆఫీసు వాళ్ళు ప్రొఫెసర్ సంతకం అడుగుతారు. నేను పెట్టలేదు. ఎవరి దగ్గర పెట్టించావు?”

“అదే... అదే తిట్టొద్దన్నది.”

“ఎవరు?”

“ఫుట్‌నోట్ మాస్టారు.”

“ఎవరూ?”

“ఎదురుగది సారు. మేమలా అంటాం. కూతురి పెళ్ళి శుభలేఖకి కూడా ఫుట్‌నోట్ వేయించారట కదా ఆయన. మీ మీద చాడీలు చెప్పడానికి వెళ్ళలేదు మేడం, ఒట్టు. ఇంకో ప్రొఫెసర్ ఎవరూ లేరు ఆ రోజు.”

“పెట్టారా?”

“పెట్టారు.”

“ఎందుకని అడగలేదా?”

“అడక్కుండా ఉంటారా! ఏ ఫైలు, ఏ పేజీ, ఏం చేస్తావు అన్నారు. అంతా చెప్పేశాను. ‘తాగుబోతు వాచ్‌మన్’ అన్న మాట మొదట రాసింది ఆయనే కదా, అరుస్తారేమో అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా అందరూ ఆయన పుస్తకంలోంచే ఎత్తి రాస్తున్నారు. అరవలేదు. చాలాసేపు తన పుస్తకం తిరగేసుకుంటూ కూర్చున్నారు. ‘నేను గొళ్ళాల కట్ట అడగలేదు’ అన్నారు. సంతకం పెట్టి, ఫలితం ఏదైనా సరే నాకు చూపించు అన్నారు.”

“చూపించావా?”

“మీకు చూపించకుండా ఎలా చూపిస్తాను?”

“మంచిది. ఇదిగో, ఈ సొరుగులో పచ్చ కవరుంది. తీసి చదువు.”

“ఇది... గైడ్ మార్పు ఫారం. నా పేరు మీద. మీరు సంతకం కూడా పెట్టేశారు. తేదీ... నెల రోజుల కిందటిది!”

“నాలుగో అధ్యాయం నా చేతికి వచ్చిన రోజుది. కొత్త గైడ్ పేరు చూశావా? ఎదురుగదికి వెళ్ళు. ఆయన సంతకం తీసుకుని, నాలుగూ ముప్పావుకల్లా ఆఫీసులో ఇచ్చెయ్.”

“వదిలించుకుంటున్నారా నన్ను?”

“అధ్యాయం ఉంటుంది కదా. నీక్కావాల్సింది అదే కదా.”

“నాక్కావాల్సింది మీ సంతకం! నెల రోజులుగా ఈ కాగితం సొరుగులో పెట్టుకుని, కామాలు దిద్దుతూ కూర్చున్నారా? ఇప్పుడు కూడా గంటసేపు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు అడిగి, ఆఖరికి పక్క గుమ్మం చూపిస్తారా? ఎందుకో నాకు తెలీదనుకోకండి.”

“ఎందుకు?”

“వచ్చేవారం మీ వీడ్కోలు సభ. ఎక్కడ? మిల్లు వాళ్ళ పేరున్న హాల్లో. మిల్లు వాళ్ళ మనవడు వచ్చి మీకు శాలువా కప్పుతాడు. ఆ గోడ మీద వాళ్ళ తాత బొమ్మ కింద కూర్చుని, మీ విద్యార్థిని వాళ్ళని దొంగలన్నదంటే ఇబ్బంది కదా మీకు!”

“శాలువాకి రానని పొద్దున్నే రాసి పంపించాను.”

“మరి భయమెందుకు?”

“భయం లేదు.”

“భయమే! కాగితం ఏం చెప్తే అదే రాయండి, ఎవడి ముఖమూ చూడకండి అని రెండేళ్ళు మా చెవుల్లో ఊదారు. మేం నమ్మాం. నేను నమ్మాను. హాస్టల్లో అందరూ ఉద్యోగాల పుస్తకాలు చదువుకుంటుంటే, నేను గొళ్ళాల కట్ట ముందు కూర్చుని తుమ్మాను. మీ మాట మీద కూర్చున్నాను. ఇప్పుడు మీ పేరు దాని మీద ఉండటానికి మీకే సిగ్గుగా ఉంది.”

“అమ్మాయ్, ఆ మాట వెనక్కి తీసుకో.”

“తీసుకోను. మీరు కొట్టెయ్యమన్నవన్నీ కొట్టేశాను. గుమ్మం కొట్టేశాను, నిర్దోషి కొట్టేశాను. ఈ ఒక్కటీ ఒప్పుకోను. ఏడాది పోతే పోనీ. మా అమ్మ తిడితే తిట్టనీ. ఇదిగో, ఇక్కడే కూర్చుంటాను. ఐదు కొట్టినా లేవను. ఈ పేజీ మీద మీ సంతకం పడాలి. పడకపోతే ఎందుకు పడదో నా ముఖం చూసి చెప్పాలి. ఫుట్‌నోట్‌తో సహా చెప్పాలి!”

“చెప్తే లేస్తావా?”

“ఆధారం ఉంటే లేస్తాను.”

“అయితే విను. నేను సంతకం పెడితే, కూతురు వాళ్ళ నాన్న కోసం దగ్గరుండి రాయించుకుంది అంటారు. మా నాన్నని తాగుబోతని రాసినాయన సంతకం పెడితే, అప్పుడు చరిత్ర అంటారు.”